మూడో గడి

ఆరు కిలోల మూడు వందలు
అన్నాడు పెరంబూరు పాతసామాన్ల సెల్వం
కాటా ముల్లు ఇంకా ఊగుతూండగానే.
ప్లాస్టిక్కుకో రేటు, తీగలకో రేటు,
కలగలుపు కాబట్టి అన్నిటికన్నా తక్కువ రేటు.
సరే అన్నాను. ఒక్క నిమిషం ఆగమన్నాను.
అతను బీడీ తీశాడు.

మొదటిది తెల్లది. ఇప్పుడు పాత పంటి రంగు.
బర్మా బజార్లో తొమ్మిది వందలంటే
నాన్న రెండుసార్లు వెళ్లిపోయినట్టు నటించి
ఐదొందల యాభైకి తెచ్చాడు.
పసుప్పచ్చ కేసెట్టు మీద లక్ష ఆటలని రాసుంది.
ఉన్నవి ఏడు.
మిగతావన్నీ ఆ ఏడే,
పెళ్లిలో పూటకో చీర మార్చి తిరిగే మేనత్తల్లా
రంగు మార్చుకుని వచ్చేవి.
సాలిడేర్ టీవీ వెనక చెయ్యి దూర్చి
మునిరత్నం చిన్న చక్రం తిప్పేవాడు.
“వచ్చిందా అక్కా?”
“చీమలు.”
“ఇప్పుడు?”
“చీమలే.”
“ఇప్పుడో?”
బాతు ఎగిరింది.

కేసెట్టు మొండికేస్తే నోటితో ఊదేవాళ్లం,
జ్వరమొచ్చిన పిల్లల మీద దర్గాలో ఊదినట్టు.
చచ్చినవాళ్లు రిమోటు ఇచ్చెయ్యాలి.
అదొక్కటే మా ఇంట్లో అందరూ పాటించిన చట్టం.
అమ్మ కూడా ఒకసారి ఆడి, చచ్చి,
చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ లేచి ఇచ్చేసింది.
దానికి జ్ఞాపకమనేది లేదు.
కరెంటు పోతే మళ్లీ మొదటి గోడ, మొదటి గుంత.
మేమూ ఏమీ అనుకునేవాళ్లం కాదు.

రెండోది లెక్కలోకి రాదంటాడు తమ్ముడు.
అరచేతిలో ఇటుకలు రాలేది.
ట్వంటీనైన్ సీ బస్సులో, ఒంటికాలి మీద,
ఎన్ని గోడలు కట్టి కూల్చానో
నా ప్లస్ టూ ఫిజిక్స్ మార్కుల్నడగాలి.

మూడోది నా మొదటి జీతం.
రిచీ స్ట్రీట్లో మూడో చేతి సరుకు,
తలకిందులుగా పెడితేగానీ డిస్కు చదివేది కాదు.
దాంతోపాటు వేలెడంత కార్డు వచ్చింది,
అందులో పదిహేను గళ్లు,
మూడో గడిలో అప్పటికే ఒకరున్నారు.
యూసుఫ్. అరవై రెండు గంటలు.

చెరిపేద్దామన్నాడు మునిరత్నం, చోటు చాలదని.
ముందు చూద్దామన్నాను.
మంచులో ఒక కోట. దాని ముందు యూసుఫ్ వీరుడు,
అన్ని కత్తులూ, అన్ని మందులూ, నిండు ప్రాణంతో.
ఇంక ఒక్క తలుపు.
బటన్ మీద వేలుంది నాకు.
ఎవరో చెయ్యి కడుక్కోడానికి లేచిన విస్తరి ముందు
కూర్చున్నట్టనిపించింది.
ఆపేశాను.
కొట్టువాణ్ణి అడిగితే,
“ఎవరో కుర్రాడమ్మా, తొందరగా డబ్బు కావాలన్నాడు” అన్నాడు.
పరీక్ష ఫీజో, ఆస్పత్రో. నేనింకేం అడగలేదు.
మేం పద్నాలుగు గళ్లతో సరిపెట్టుకున్నాం.

నాలుగోది నల్లది, పన్నెండు వాయిదాలు.
అప్పటికి తమ్ముడు వేళచ్చేరిలో, నేనిక్కడ.
చెవిలో వాడి గొంతు, దాని వెనక వాడి ఇంటి కుక్కర్ విజిళ్లు.
“ఎడమ పక్క అక్కా, ఎడమ పక్క!”
అర్ధరాత్రి దాకా ఒకరి ప్రాణం ఒకరం కాపాడి
పొద్దున ఫోన్లో మాట్లాడుకోడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ డిసెంబరు వాన వాడి మెషిన్ని మింగింది.
మా ఇంట్లో నీళ్లు మూడో మెట్టు దాకా వచ్చి ఆగాయి.
నేను ముందు ఎత్తింది సిలిండరు,
తర్వాత రేషన్ కార్డూ ఈ కార్డూ,
రెండూ ఒకే పాలిథిన్ సంచిలో.
ఏది దేనికి పనికొస్తుందని ఆలోచించే వేళ కాదది.

సెల్వం బీడీ అయిపోయింది.
బూడిదరంగు పెట్టె మూతి తెరిచి
కార్డు లాక్కున్నాను.
తూకం మారుతుందేమో మళ్లీ చూడమన్నాను.
చూశాడు, నా మొహం కూడా చూశాడు.
ముల్లు ఎక్కడుందో అక్కడే.
నూట పది ఇచ్చాడు.

రాత్రి తమ్ముడికి చెప్పాను, అన్నీ ఇచ్చేశానని.
కాసేపు ఏమీ అనలేదు.
“మరి యూసుఫ్?”
“ఉన్నాడు. తలుపు దగ్గరే.”
“ఊఁ” అన్నాడు.
తర్వాత నీళ్ల ట్యాంకరు రేటు గురించి మాట్లాడుకున్నాం.